కొండవైపు గుమ్మం

ఈనస్ హాస్కెల్ ఇంటికి ఎవరు వచ్చినా ముందుగా పలకరించేది పందే. బాట దిగి కంచె దాటగానే దొడ్డిలోంచి ముట్టె పైకెత్తి గట్టిగా ఒక్క గుర్రు పెడుతుంది. ఆ తర్వాత కట్టెల కొట్టం, కోళ్ళ గూడు, బట్టలారేసే తాడు, అంట్ల నీళ్ళు పోయే కాలవ. ఇవన్నీ దాటుకుంటూ వెళితే వంటింటి తలుపు. పెల్టన్ ఊళ్ళోనే కాదు, వర్మాంట్ కొండల్లో ఈ పక్క నలభై మైళ్ళ మేర అంత అందమైన ఇల్లు మరొకటి లేదు. కానీ ఆ అందమంతా అవతలి వైపున ఉండిపోయింది.

అవతలి వైపు అంటే తూర్పు, కొండవైపు. అటు వెళ్ళి నిలబడితే ఎంతటివాడికైనా చెయ్యి తనంతట తానే టోపీ మీదికి పోయేది. తెల్లరంగు వేసిన రెండంతస్తుల ఇల్లు. పైన ఐదు కిటికీలు, కింద నాలుగు, వాటి నట్టనడుమ తలుపు. ఒక్క కిటికీ కూడా వేలెడు అటో ఇటో జరగకుండా త్రాసులో తూచి పెట్టినట్టు ఉండేవి. తలుపుకు రెండు పక్కలా సన్నని గాజుపలకలు, తలుపు నెత్తిన విప్పిన విసనకర్రలాంటి గాజుకిటికీ. చూరు కింద వరసగా పళ్ళలా చెక్కిన చిన్న చిన్న చెక్కముక్కలు. రెండు చివర్లా ఇటుక పొగగొట్టాలు. బోస్టన్‌లో ఓడల వర్తకులు కట్టుకునే తీరు అది. అడవి కొట్టుకుని బతికినవాళ్ళు అలాంటి ఇల్లు కట్టుకోవటం పెల్టన్‌లో అదే మొదలు.

ఆ తలుపు ముందు బాట లేదు. గొర్రెలు మేసే బీడు ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఊరందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట, 1819 వేసవిలో, జిల్లా బాట కోసం కొలతలు తీసే మనిషి వచ్చి కొండ కింద బీడు పొడవునా కొయ్యమేకులు పాతి వెళ్ళాడు. అప్పటికి ఈనస్ ఇంటికి పునాది రాళ్ళు పేర్పిస్తున్నాడు. మేకులు చూసి సంబరపడిపోయాడు. ఈ కొండల్లో అందరికీ ఉన్న అలవాటే అది. బాట ఇంకా కాగితం మీద ఉండగానే ఇంటి ముఖం దానివైపు పెట్టేస్తారు. మరుసటి ఏడాదికి ఇల్లు పూర్తయింది. రంగులు ఆరాయి. ఆ పై వసంతంలో జిల్లా కమిటీ వచ్చి, కొండ మరీ నిటారుగా ఉందని తేల్చి, మేకులు పీకించి బాటను పడమటికి, వాగు పక్కకి జరిపేసింది. బాట మీద పోయే ప్రతివాడికీ హాస్కెల్ ఇంటి వీపే కనపడసాగింది.

అప్పటినుంచి ఊరికి అదొక వేళాకోళం. అందరికంటే ఎక్కువ మురిసినవాడు వాగు అవతల ఉండే చర్చి పెద్ద, డీకన్ అమాసా పైక్. ఆయనది పెట్టెలాంటి ఇల్లు, రంగు కూడా లేదు. కానీ బాట సరిగ్గా దాని గుమ్మం ముందునుంచే పోయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద ఆయన గొంతు అందరికీ వినపడేది.

"ఏమయ్యా ఈనస్, నీ ఇంటికొస్తే టోపీ ఎవరికి తియ్యాలో చెప్పవయ్యా. పందికా, కోళ్ళకా?"

"పందికే తియ్యండి డీకన్ గారూ, పెద్దది కదా," అనేవాడు ఈనస్. అని తనూ నవ్వేవాడు. ఆ నవ్వును ఇల్లు చేరేదాకా ఎలాగో మొహం మీద నిలబెట్టుకునేవాడు.

అరవై రెండేళ్ళ మనిషి. ఎవరిమీదా గొంతు పెంచి ఎరగడు. పదకొండు నెలల కిందట భార్య కెతూరా పోయాక మరీ మెత్తబడిపోయాడు. పక్క పొలం విధవరాలు తలుపు కొట్టకుండా వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళిన ఆపిల్ కూరిన రొట్టె, చలిపొద్దున ఒక గొర్రె వచ్చి మోకాలికి ఆనుకుని కాసేపు నిలబడటం, ఇలాంటివి తలుచుకుంటూ రోజులు వెళ్ళదీసేవాడు. అందుకే ఆగస్టులో కొడుకు ఓరిన్ వచ్చి "నాన్నా, ఇల్లు తిప్పేద్దాం" అన్నప్పుడు, "నీ ఇష్టంరా" అనేశాడు.

ఇల్లు తిప్పటం ఆ ఊళ్ళో వింతేమీ కాదు. చర్చినే ఒకసారి వాగు ఒడ్డునుంచి గట్టు మీదికి లాగారు. పొగగొట్టాలు విప్పేసి, ఇంటిని మరలతో పైకి లేపి, కింద నున్నగా చెక్కిన దూలాలు దూర్చి, వాటికి కొవ్వు రాసి, ఊళ్ళో ఉన్న ఎడ్లన్నీ కట్టి లాగుతారు. ఎవరూ కూలి అడగరు. ఆ రోజు ఇంటివాళ్ళు అందరికీ కడుపునిండా పెట్టాలి, పులిసిన ఆపిల్ రసం పీపాలు తెరవాలి, అంతే. ఇరవై మూడేళ్ళ ఓరిన్ నాలుగు ఊళ్ళు తిరిగి అరవై జతల ఎడ్లకు మాట తీసుకున్నాడు. అక్టోబరు మూడో గురువారం ముహూర్తం. నవంబరు చివర్లో కూతురు జెరూషా పెళ్ళి. కొత్త బాట మీద బండి దిగిన పెళ్ళివారు నేరుగా పెద్ద గుమ్మంలోంచి లోపలికి రావాలని ఓరిన్ పట్టుదల.

పెద్ద గుమ్మం అంటే ఆ ఊళ్ళో మాటలు కాదు. దాన్ని పాస్టరుకీ, పెళ్ళికూతురికీ, శవపేటికకీ తప్ప తియ్యరు. హాస్కెల్ వాళ్ళ గుమ్మం ఇంతవరకు ఒక్కసారే లాంఛనంగా తెరిచారు. కెతూరా దాన్లోంచే వెళ్ళింది, బీడు దాటి, కొండ వాలు మీదికి.

గురువారానికి ఇంకా పది రోజులు ఉందనగా లెమ్యుయెల్ క్రేన్ వచ్చాడు. ఇల్లు కట్టిన వడ్రంగి మేస్త్రీ అతనే. పొగగొట్టాలు విప్పి, మరలు దూర్చాల్సింది కూడా అతనే. పలుగు భుజాన వేసుకుని వచ్చినవాడు పని మొదలుపెట్టకుండా కొండవైపు వెళ్ళి, పెద్ద గుమ్మం ముందు రాతిమెట్టు మీద కూర్చున్నాడు. ఈనస్ వేయించిన పిండివడలు నాలుగు పళ్ళెంలో పెట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాడు.

"ఏంటి లెమ్యుయెల్, మోకాళ్ళు పట్టేశాయా?"

"పట్టెయ్యలేదు. కాసేపు కూచోనివ్వవయ్యా." లెమ్యుయెల్ మెడ వెనక్కి వాల్చి చూరు చూశాడు. "ఆ పళ్ళు ఎన్నో తెలుసా? నూట ఎనభై నాలుగు. ఒక్కొక్కటీ ఈ చేత్తో చెక్కా. ఇల్లు తిరిగేసరికి సగం రాలతాయి."

"మళ్ళీ చెక్కుదువుగాని."

"చెక్కొచ్చులే, చెక్కటానికేం. నా బాధ అది కాదు." ఒక వడ తీసుకుని కొరకకుండా చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. "మీ ఆవిడకి మాటిచ్చా ఈనస్. నీకు చెప్పనని. మూడేళ్ళుగా నోరు కట్టుకుని ఉన్నా. ఇప్పుడు ఈ పలుగు చేత్తో పట్టుకుని కూడా దాచాలంటే నావల్ల కావటం లేదు."

"ఏం మాట?"

"పునాది మీద మొదటి దూలం పెట్టే రోజు పొద్దున్న గుర్తుందా? నువ్వు మిల్లుకి పలకల కోసం పోయావు. ఆవిడ నా దగ్గరికొచ్చింది. చేతినిండా పిండి, కడుక్కోను కూడా లేదు. 'లెమ్యుయెల్, ఆ మేకుల మనిషి నిన్న మా ఇంట్లో భోంచేస్తూ చెప్పాడు, బాట ఇటు రాదేమోనట, వాగువైపు పోతుందేమోనట' అంది."

ఈనస్ చేతిలో పళ్ళెం ఒక పక్కకు ఒరిగింది. లెమ్యుయెల్ దాన్ని నిలబెట్టాడు.

"'అయితే గుమ్మం వాగువైపు పెట్టమంటావా అమ్మా' అన్నా. 'అబ్బే, కొండవైపే పెట్టు' అంది. 'ఈనస్ రానీ, ఒక మాట అడుగుదాం' అన్నా. 'అడిగావంటే ఆయన వారం రోజులు నిద్రపోడు. ఊరేమనుకుంటుందోనని ఆఖరికి వాగువైపే తిప్పిస్తాడు. అడక్కు' అంది. 'మరి ముందు బాట లేకపోతే నలుగురూ ఎలా వస్తారమ్మా' అన్నా. ఏమందో తెలుసా? 'మన కోసం వచ్చేవాడు గుమ్మం వెతుక్కుని వస్తాడు. దారిన పోయేవాడికి మన గుమ్మంతో పనేంటి?' అంది."

ఈనస్ మెల్లిగా మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇంకోటి కూడా అంది. 'ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పొలాన్ని గుడిసె గుమ్మానికి కట్టిన దుప్పటి సందులోంచి చూశా, తడక సందులోంచి చూశా. ఇప్పుడు గుమ్మంలాంటి గుమ్మంలో నిలబడి చూడాలి' అంది. నేనేం మాట్లాడతాను? దూలం పెట్టేశా."

ముందు ఈనస్‌కు కోపం వచ్చింది. మేకులు పీకేసిన రోజునుంచి చర్చి మెట్ల మీద పంది, కోళ్ళు, ఆ నవ్వులు. తన తెలివితక్కువతనం వల్లే ఇల్లు ఇలా అయిందని ఎన్ని రాత్రులు ఆమె పక్కనే పడుకుని కుమిలిపోయాడు! అన్నీ తెలిసి అలా ఎలా ఊరుకుంది?

వెంటనే పోయిన ఏడు ఇదే అక్టోబరు గుర్తొచ్చింది. అప్పటికే కెతూరా నడవలేని స్థితిలో ఉంది. "పెద్ద గుమ్మం తీసి నా కుర్చీ అక్కడ వెయ్యి" అంది. పాస్టరు రాకుండా, పెళ్ళి లేకుండా ఆ తలుపు తియ్యటమా అని జెరూషా నొసలు చిట్లించింది. జబ్బుమనిషి కోరిక కదా అని ఈనస్ తీశాడు. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు, ఎండ ఉన్నంతసేపూ, ఆమె అక్కడే కూర్చుంది. ఎదురుగా బీడు. 1791 మార్చిలో గట్టిపడిన మంచు మీద చెక్కబండి లాక్కుంటూ ఇద్దరూ వచ్చి దిగింది అక్కడే. అప్పుడది ఆకాశం కనపడని అడవి. మొదటి ఏడు కొట్టిన నాలుగెకరాలూ, మొద్దుల మధ్య గొడ్డలితో గుంటలు చేసి మొక్కజొన్న నాటిన చోటూ, నేలలోంచి ఇద్దరూ తవ్వి తీసిన రాళ్ళతో పేర్చిన గోడలూ, ఆ గోడల చివర కొండ వాలు మీద పురిట్లోనే పోయిన ఇద్దరు పిల్లల గుర్తురాళ్ళూ, అన్నీ ఆ గుమ్మంలోంచి ఒక్క చూపులో కనపడేవి.

ఒకరోజు ఈనస్ ఆమె కాళ్ళమీద దుప్పటి సర్దుతూ, "తప్పు వైపు పెట్టేశానే, నన్ను క్షమించు" అన్నాడు. కెతూరా నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "సరైన చోటే పెట్టావులే" అంది. ఆ వెంటనే, "నీకొకటి చెప్పాలి ఈనస్" అంది. మళ్ళీ, "తర్వాత చెప్తాలే. ముందు ఆ ఎండ చూడనీ" అంది. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు. ఓదార్పుకి అన్న మాట అనుకుని ఈనస్ దాన్ని దాచుకున్నాడు.

ఇప్పుడు మెట్టు మీద కూర్చుని అతను నవ్వటం మొదలుపెట్టాడు. పదకొండు నెలల తర్వాత మనసులోంచి వచ్చిన నవ్వు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"నామీద కోపం లేదు కదా?" అన్నాడు లెమ్యుయెల్ భయంగా.

"వడ తిను ముందు," అన్నాడు ఈనస్. "తిని పలుగు ఇంటికి తీసుకుపో. ఈ ఇల్లు తిరగదు."

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఓరిన్‌కి చెప్పాడు. ఓరిన్ చెంచా కింద పెట్టేశాడు.

"అరవై జతలు నాన్నా! నాలుగు ఊళ్ళు కాలినడకన తిరిగా. డీకన్ పైక్ కాళ్ళు కూడా పట్టుకున్నా. ఇప్పుడు వద్దంటే ఏమంటారు? ఇల్లు వెనక్కి కట్టింది చాలక, తిప్పటానికి పిలిచి తిప్పలేదని రెండోసారి నవ్వుతారు."

"రావద్దనకు. రానీ. వాళ్ళకి నేను వేరే పని చెప్తా."

"ఏం పని? పందికి దండం పెట్టే పనా?"

"ఓరిన్!" అంది జెరూషా.

"నువ్వుండవే. నీకు బాగానే ఉంటుంది, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతావు. ఇక్కడ ఉండేది నేను. రోజూ ఆ బాట మీద బండి తోలేది నేను."

జెరూషా రొట్టె కోస్తున్న కత్తి ఆపింది. ఇరవై ఐదేళ్ళది, తల్లి నోరే వచ్చింది. "నాకూ ఒక మాటుంది, విను. అమ్మ ఏ గుమ్మంలోంచి వెళ్ళిందో నేనూ ఆ గుమ్మంలోంచే వెళ్తా, ఆ పొలం చూస్తూ వెళ్తా. నా పెళ్ళికి నువ్వు ఆ గుమ్మాన్ని తిప్పి పందికెదురుగా పెట్టావంటే, నేను వంటింట్లోంచే పోతా. నీ పెళ్ళివారంతా ముందు నిలబడి ఎదురుచూస్తూ ఉంటారు."

"అప్పటికి పంది దొడ్డి తీయించేస్తా కదా!"

"మరి ఆ పనేదో ముందు చెయ్యి. ఇల్లెందుకు తిప్పటం?"

ఓరిన్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ పది రోజులూ తండ్రితో ముక్తసరిగా మాట్లాడాడు. కానీ ఎవరికీ రావద్దని కబురు పెట్టలేదు. అది కూడా ఒక దయే అనుకున్నాడు ఈనస్.

గురువారం తెల్లవారి మంచు విచ్చుకునేసరికి బాట పొడవునా గొలుసుల చప్పుడు. ఎర్ర ఎడ్లు, తెల్లచుక్కల ఎడ్లు, ఒకదాని వెనక ఒకటి, ముక్కుల్లోంచి ఆవిర్లు కక్కుతూ వచ్చాయి. బీన్స్ కుండలూ, మొక్కజొన్న రొట్టెలూ పట్టుకుని ఆడవాళ్ళు బండ్లు దిగారు. జెరూషా పీపాల మూతలు తీయించింది. అందరికంటే ఆఖర్న డీకన్ పైక్, తన రెండు బలమైన కోడెల మధ్య తనూ ఒక కోడెలా నడుచుకుంటూ వచ్చాడు. వచ్చీ రాగానే ఇంటి పైకి చూశాడు.

"పొగగొట్టాలు ఇంకా ఉన్నాయేంటయ్యా ఈనస్? పొగతో సహా తిప్పుతావా? పొయ్యి మీద కూర ఉందా ఏంటి?"

అందరూ ఘొల్లుమన్నారు. ఓరిన్ తన ఎడ్ల పక్కన తల వంచుకుని నిలబడ్డాడు.

"కూర ఉంది డీకన్ గారూ, మీకే వండించా," అన్నాడు ఈనస్. "ముందు అందరూ ఒక్కసారి అవతలి వైపుకి రండి. ఎడ్లని ఇక్కడే వదిలెయ్యండి."

గుసగుసలాడుకుంటూ కదిలారు. మొద్దులూ బండరాళ్ళూ అడ్డం ఉన్న ఆ వాలు ఎక్కి, ఇంటిని చుట్టి, కొండవైపు చేరారు. వాళ్ళలో చాలామంది ఆ ముఖం చూడటం అదే మొదటిసారి. ఎండ అప్పుడే గుమ్మం మీద పడుతోంది. విసనకర్ర కిటికీ గాజులు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. వెనక ఎవరో టోపీ తీశారు.

ఈనస్ రాతిమెట్టు ఎక్కాడు. ఊరి సభల్లో ఏనాడూ నోరు తెరిచినవాడు కాదు.

"మీరంతా ఇల్లు తిప్పటానికి వచ్చారు. మీ మేలు మర్చిపోను. కానీ ఈ ఇల్లు తిరగదు. ఈ గుమ్మం పొరపాటున పెట్టింది అని ఇన్నాళ్ళూ నేనూ అనుకున్నా, సిగ్గుపడ్డా. పొరపాటు కాదు. మా ఆవిడ కావాలని పెట్టించింది. బాట ఇటు రాదని తెలిసే పెట్టించింది."

జనంలో కదలిక. లెమ్యుయెల్ గట్టిగా తల ఊపాడు.

"పెల్టన్‌లో మొట్టమొదటి గుమ్మం ఎవరిదో మీలో పెద్దవాళ్ళకి తెలుసు. అదిగో, ఆ పొగచూరిన రాళ్ళు ఉన్నాయే, అక్కడ మా గుడిసెకి ఉండేది. దానికి తలుపు లేదు, దుప్పటి. ఆ దుప్పటి తీసి చూస్తే అడవి. అటు తిరగండి. ఇప్పుడేం కనపడుతోందో చూడండి. కెతూరా, నేనూ చేసిందంతా అదే. ఎనభై ఎకరాలు. ప్రతి రాయీ ఆవిడ చెయ్యి ఎరుగును. ఇంటికి ముఖం అంటూ ఉంటే, అది దానివైపే చూడాలంది. నాకూ అదే బాగుంది."

అందరూ వెనక్కి తిరిగారు. గోడల మధ్య పచ్చగా బీడు, మేస్తున్న గొర్రెలు, ఆపైన ఎర్రబడ్డ మేపుల్ చెట్ల కింద మూడు గుర్తురాళ్ళు. వాళ్ళలో ప్రతివాడూ తన పొలాన్ని అలాగే కొట్టుకున్నవాడే, లేదా కొట్టినవాడి కొడుకే.

"బాగానే ఉందయ్యా," అన్నాడు డీకన్ పైక్. ఈసారి గొంతు కాస్త తగ్గింది. "కానీ పొద్దున్నే లేచి కోడెల్ని తోలుకొచ్చా. ఇప్పుడు వీటికేం చెప్పను? వ్యవసాయం మీద ప్రసంగం విన్నామని చెప్పనా?"

"వాటికి పనుంది," అన్నాడు ఈనస్. "బాట దగ్గరికి ఇల్లు రాదు కాబట్టి, ఇంటి దగ్గరికి బాట రావాలి. ఇప్పుడు మీరు పడుతూ లేస్తూ వచ్చిన వాలే. ఆ మొద్దులు పీకి, రాళ్ళు లాగేస్తే రెండు వందల గజాలు. నా ఒక్క జతతో రెండేళ్ళ పని. అరవై జతలతో ఎంతో మీరే చెప్పండి. ఇష్టం లేనివాళ్ళు భోంచేసి వెళ్ళొచ్చు. నేనేమీ అనుకోను."

ఎవరూ కదలలేదు. అందరూ పక్కవాళ్ళ మొహాలు చూస్తున్నారు. ఈనస్‌కు ఒకటే భయం. ఇదే జరిగితే, ఊరు రెండోసారి నవ్వితే, ఆ నవ్వు ఈసారి తన మీద పడదు, కెతూరా మీద పడుతుంది.

అప్పుడు ఇంటి మూలనుంచి గొలుసు చప్పుడు వినపడింది. ఓరిన్ తన జతను తోలుకుంటూ వస్తున్నాడు. ఎవరివైపూ చూడలేదు. వాలు మధ్యలో ఉన్న అన్నిటికంటే పెద్ద మొద్దు దగ్గర ఆపి, వంగి, గొలుసు దాని వేళ్ళకు చుట్టాడు.

"ఏంటి అలా చూస్తున్నారు?" అన్నాడు జనంతో. "ఇది మా అమ్మ గుమ్మం. మా అక్క నవంబరులో ఇందులోంచి దిగుతుంది. బురదలో నడిపించమంటారా?"

మొద్దు కిర్రుమని, వేళ్ళు తెంచుకుని, మట్టి వెదజల్లుతూ పైకి లేచింది. ఆ చప్పుడుతో జనానికి ఒక్కసారిగా చేతులొచ్చాయి. "హా, హా, పట్టు!" అంటూ ఒకరు, "ఆ రాయి నాది, ముట్టుకోకండి!" అంటూ ఒకరు. మధ్యాహ్నానికి మొద్దులన్నీ బీడు చివర కుప్పపడ్డాయి. బండరాళ్ళను చెక్కబల్లల మీదికి ఎక్కించి లాగి, ఇరుపక్కలా వరసగా పేర్చారు. గోడ ఎలా కట్టాలో అక్కడ ఎవరికీ నేర్పక్కర్లేదు. వాగునుంచి గులకరాయి బండ్లలో వచ్చింది. లెమ్యుయెల్ ఇల్లు లేపటానికని ఎప్పుడో తెచ్చిపెట్టుకున్న మరలను ఊరికే పోనివ్వకుండా, వాటితో ఒక గుర్రమంత బండను లేపించి, మలుపు దగ్గర గుర్తుగా నిలబెట్టించాడు.

పొద్దు వాలుతుండగా ఒకటే పని మిగిలింది. పంది దొడ్డి. దాన్ని ఇంటికి ఉత్తరాన, కొట్టాల వెనక్కి మార్చాలి. దొడ్డి పైకప్పు, తొట్టి, పంది, మొత్తం దూలాల మీద పెట్టి లాగాలని తీర్మానించారు.

"ఎవరి ఎడ్లు?" అని అరిచాడొకడు.

"డీకన్ గారివి!" అని అరవై గొంతులు.

డీకన్ పైక్ మొహం ఎర్రబడింది. తర్వాత ఆయనే నవ్వేశాడు. "సరే తగలడండి. తిప్పుతామని వచ్చాం, ఏదో ఒకటి తిప్పకుండా పోతామా!" అని కోడెల్ని కట్టాడు. పంది దారి పొడవునా గుర్రులు పెడుతూ, తొట్టి మీద ముందుకాళ్ళు పెట్టి, ఊరేగింపుకి వచ్చిన దొరసానిలా అటూ ఇటూ చూస్తూ వెళ్ళింది. ఆడవాళ్ళు నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. పంది తన పక్కనుంచి పోతుంటే ఈనస్ టోపీ తీశాడు.

భోజనాలు వంటింట్లో సర్దాలని జెరూషా బల్లలు జరుపుతోంది. ఈనస్ లోపలికి వెళ్ళి, నడవ పొడవునా నడిచి, పెద్ద తలుపు గడియ తీశాడు. రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

"నాన్నా!" అంది జెరూషా వెనకనుంచి. "పాస్టరుగారు రాలేదు. పెళ్ళి ఇంకా నెలుంది. ఎనభైమంది మట్టి బూట్లతో వస్తారు. అమ్మ రంగులేసిన నేల!"

"మన కోసం వచ్చినవాళ్ళమ్మా," అన్నాడు ఈనస్. "గుమ్మం వెతుక్కుని మరీ వచ్చారు."

కొత్త బాట మీద, పచ్చి మట్టి వాసనలో, జనం మలుపు తిరిగి గుమ్మం వైపు రాసాగారు. అందరికంటే ముందు డీకన్ పైక్. రాతిమెట్టు దగ్గర ఆగాడు. లోపల పసుపు, నలుపు గళ్ళుగా రంగు వేసిన నేల మెరుస్తోంది. ఆయన మెట్టు మీద కూర్చుని, రొప్పుతూ, ఒకటి తర్వాత ఒకటి బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ఎడమ మేజోటికి బొటనవేలు దగ్గర చిరుగు. దాన్ని దాచుకోకుండా లేచి, టోపీ తీసి, లోపలికి నడిచాడు. ఆయన్ని చూసి వెనకవాళ్ళూ కూర్చున్నారు. కాసేపట్లో మెట్టుకు రెండు పక్కలా, కిటికీల కింద, ఎనభై జతల బూట్లు వరస తీరాయి.

ఓరిన్ ఆఖర్న వచ్చాడు. చేతులనిండా మట్టి. తండ్రి పక్కన నిలబడి బూట్ల వరసను ఒక చివరనుంచి రెండో చివరదాకా చూశాడు.

"వాగువైపు పెట్టుంటే ఇంతమంది ఇన్ని బూట్లు విప్పేవాళ్ళా నాన్నా?"

"ఏమో," అన్నాడు ఈనస్. "మీ అమ్మనడగాలి."

ఓరిన్ నవ్వి, తన బూట్లు కూడా విప్పి వరస చివర పెట్టి లోపలికి వెళ్ళాడు. లోపల గిన్నెల చప్పుడు, మాటలు, ఎవరో పందిని అనుకరిస్తున్న గుర్రు. ఈనస్ కెతూరా కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసుకున్నాడు. కొండ మీద ఎండ ఇంకా కొంచెం ఉంది. అది పోయేదాకా అక్కడే కూర్చున్నాడు.